నోరు ఎండిపోవడం వంశంలో వస్తుందా? లాలాజల గ్రంథులు, వయసు, జన్యువులు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకీ తెలియాలి కదా. మీ అమ్మగారికి 67 ఏళ్లు. రెండు మూడేళ్లుగా నోరు ఎండిపోతోంది. చపాతీ ముద్ద దిగాలంటే పక్కన నీళ్లుండాలి, రాత్రి లేచి గుక్కెడు తాగితే తప్ప నాలుక ఆడదు. బీపీ, షుగర్ ఉన్నాయి. అమ్మమ్మగారికి కూడా చివరి రోజుల్లో ఇలాగే ఉండేది. మీ చెల్లెలికి 33, ఈ మధ్య కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతోందని అంటోంది. ఇది జీన్స్‌లోనే ఉందా, మీకూ వస్తుందా, ఉమ్మి పంపి చేయించుకునే డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. మీ అమ్మగారి ఇబ్బందికి జన్యువులే నేరుగా కారణమయ్యే అవకాశం తక్కువ. వయసు ఒక్కటే కారణమయ్యే అవకాశం కూడా తక్కువే. మొదట అనుమానించాల్సింది ఆవిడ రోజూ వేసుకునే మాత్రల్ని, ఆ తర్వాత షుగర్ అదుపుని. జన్యువుల పాత్ర వేరే ఉంది. గ్రంథి ఎంత సామర్థ్యంతో పుడుతుంది, ఏ దెబ్బకి ఎంత తొందరగా లొంగుతుంది అన్నది చాలావరకు వాటి చేతిలో ఉంటుంది. డీఎన్‌ఏ పరీక్ష ఇప్పుడు అక్కర్లేదు. మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది చెల్లెలి కళ్ల సంగతి. దాని గురించి విడిగా రాశాను, అది మాత్రం దాటేయకండి.

నేను నోటి వ్యాధులు చూసే డెంటల్ డాక్టర్‌ని, ఓరల్ మెడిసిన్ నా విభాగం. నోరు ఎండుతోందని వచ్చే పెద్దవాళ్లని ఏళ్ల తరబడి చూస్తున్నాను. వాళ్లలో చాలామంది "వయసైపోయింది, ఇంతేలే" అని తమకి తామే సర్దిచెప్పుకుని, పళ్లు పుచ్చి విరిగిపోయాక వస్తారు. ఆ మాట వాళ్ల చేత మానిపించాలన్నది నా పట్టుదల. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఉమ్మి ఎలా ఊరుతుంది

పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవి కింద ఉండేది పరోటిడ్. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేది ఇదే. కింది దవడ లోపలి వైపున సబ్‌మాండిబ్యులర్, నాలుక కింద సబ్‌లింగ్వల్. ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో వందల కొద్దీ చిన్న గ్రంథులుంటాయి. అన్నీ కలిసి రోజుకి సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరిస్తాయి. అన్నం నములుతున్నప్పుడు పరోటిడ్ జోరుగా పని చేస్తుంది. ఏమీ తినకుండా కూర్చున్నప్పుడు నోటిని తడిగా ఉంచేది ఎక్కువగా సబ్‌మాండిబ్యులర్. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

ఉమ్మిలో 99 శాతం నీళ్లే. ఆ నీళ్లు రక్తం నుంచి గ్రంథి కణాల గుండా నోట్లోకి రావాలి. వచ్చే తీరు ఇదీ: మెదడు నుంచి వచ్చే నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, గ్రంథి కణం మీద ఉండే ఎం3 అనే గ్రాహకాన్ని, అంటే సంకేతం అందుకునే ప్రొటీన్‌ని, తాకుతుంది. కణం లోపల కాల్షియం పెరుగుతుంది. దాంతో క్లోరైడ్ కాలువ తెరుచుకుంటుంది. క్లోరైడ్ బయటికి పోతే దాని వెంట సోడియం, ఆ ఉప్పు వెంట నీళ్లు. నీళ్లు దాటే ద్వారం ఏక్వాపోరిన్-5 అనే ప్రొటీన్. ఈ మెట్లలో ప్రతిదానికీ ఒక జన్యువు ఉంది. 1999లో ఏక్వాపోరిన్-5 జన్యువు తీసేసిన ఎలుకల మీద ప్రయోగం చేస్తే, వాటికి ఊరే ఉమ్మి 60 శాతానికి పైగా తగ్గిపోయింది, ఊరిన కాస్తా చిక్కగా జిగురుగా ఉంది. అంటే ఒక్క జన్యువు పోతే గ్రంథి పని ఎంత దెబ్బతింటుందో తెలిసింది.

ఈ ఎం3 గ్రాహకం పని మన ఊళ్లలో అందరూ చూసిందే. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లలకి నోరు పిడచకట్టుకుపోతుంది, ఎందుకంటే ఉమ్మెత్తలోని ఎట్రోపిన్ లాంటి పదార్థాలు ఈ గ్రాహకాన్ని మూసేస్తాయి. వక్కపలుకు నోట్లో వేసుకుంటే ఉమ్మి ఊరుతుంది. వక్కలోని అరెకోలిన్ ఇదే జాతి గ్రాహకాల్ని ప్రేరేపిస్తుంది. నోరు ఎండే పెద్దవాళ్లు చాలామంది వక్కకి అలవాటు పడటానికి ఇదొక కారణమని నా అనుభవంలో అనిపించింది. ఉపశమనం నిజమే, కానీ వక్క వల్ల బుగ్గలు బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ వస్తుంది, నోటి క్యాన్సర్ వస్తుంది. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమే. మీ అమ్మగారికి ఆ అలవాటుంటే ఇవాళే మానిపించండి.

వయసొస్తే గ్రంథి పాడవుతుందా?

పాడవుతుంది. కానీ అంతమాత్రాన నోరు ఎండక్కర్లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, డాక్టర్లు కూడా.

ముసలివాళ్ల గ్రంథి ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఉమ్మి తయారు చేసే ద్రాక్షగుత్తి లాంటి కణాల గుంపులు తగ్గి, ఆ చోట కొవ్వు, పీచు కణజాలం పెరిగి ఉంటాయి. యవ్వనంతో పోలిస్తే పనిచేసే కణాల భాగం సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఇది చూసి ఒకప్పుడు అందరూ వయసుతో పాటు ఉమ్మి తగ్గిపోతుందనే అనుకున్నారు. కానీ అమెరికాలో 1958 నుంచి నడుస్తున్న బాల్టిమోర్ వృద్ధాప్య అధ్యయనంలో, మందులేవీ వాడని ఆరోగ్యవంతుల పరోటిడ్ ఉమ్మిని కొలిచి బ్రూస్ బామ్ అనే శాస్త్రవేత్త 1981లో వేరే సంగతి చెప్పారు. పులుపు తగిలించి ఊరించిన ఉమ్మి ముసలివాళ్లలో కూడా పడుచువాళ్లతో సమానంగానే ఉంది. తర్వాత జరిగిన పరిశీలనల్లో ఏమీ తినకుండా ఉన్నప్పటి ఉమ్మి, అంటే సబ్‌మాండిబ్యులర్ నుంచి వచ్చేది, వయసుతో కొంత తగ్గుతుందని తేలింది. పరోటిడ్ మాత్రం నిలబడుతుంది.

కణాలు పోయినా ఉమ్మి తగ్గకపోవడానికి కారణం, గ్రంథి అవసరానికి మించిన సామర్థ్యంతో పుట్టడమే. నిండా నీళ్లున్న ఊరి చెరువు ఒక అడుగు తగ్గినా తూములోంచి పారే నీళ్లకి లోటు రాదు. ఆ ఏడు వానలు తప్పి, పై ఊరివాళ్లు కూడా నీళ్లు మళ్లించుకుంటే అప్పుడు తెలుస్తుంది. గ్రంథిదీ అదే తీరు. 30 ఏళ్ల మనిషి జలుబు మాత్ర వేసుకుంటే ఒక పూట నోరు ఎండి మళ్లీ మామూలైపోతుంది. అదే మాత్ర 70 ఏళ్ల మనిషికి వారం రోజులు ఇబ్బంది పెడుతుంది. మాత్ర మారలేదు, మిగులు తగ్గింది.

ఇంకొక మాట. ఉమ్మి దాదాపు సగానికి పడిపోతే గానీ చాలామందికి నోరు ఎండినట్టు తెలియదు. దీనికి తిరగబడ్డ సంగతీ ఉంది. నోరు ఎండుతోందని చెప్పేవాళ్లలో కొందరికి కొలిస్తే ఉమ్మి బాగానే ఉంటుంది. నోటితో గాలి పీల్చేవాళ్లు, టెన్షన్ ఎక్కువున్నవాళ్లు, నాలుక మంట ఉన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. అందుకే నేను ముందు కొలుస్తాను, తర్వాతే మాట్లాడతాను.

మరి ఈ మిగులు ఎంతన్నది ఎక్కడ నిర్ణయమవుతుంది?

చాలావరకు తల్లి కడుపులోనే. గర్భంలో ఆరేడు వారాల వయసులో నోటి లోపలి పొర ఒక చోట చిన్న మొగ్గలా లోపలికి పెరిగి, కొమ్మలు వేసుకుంటూ గ్రంథిగా మారుతుంది. ఆ కొమ్మలు వేయించే సంకేతాల్లో ముఖ్యమైనవి రెండు: ఎఫ్‌జీఎఫ్10, ఈడీఏ. ఈ జన్యువుల్లో లోపం ఉంటే ఏమవుతుందో చూస్తే వాటి పని తెలుస్తుంది.

ఎఫ్‌జీఎఫ్10 రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు, కొందరు కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు లేకుండానో, బాగా చిన్నవిగానో పుడతారు. ఈ సంబంధాన్ని 2005లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అలాంటి పిల్లలకి చిన్నప్పటి నుంచే నోరు ఎండుతుంది, పాలపళ్లు వచ్చినవి వచ్చినట్టే పుచ్చిపోతాయి. ఇంట్లోవాళ్లు బిస్కెట్లు, చాక్లెట్ల మీద నింద వేస్తుంటారు.

ఈడీఏ లోపం మన ఉపఖండానికి పాత పరిచయమే. 1875లో చార్లెస్ డార్విన్ సింధ్‌లోని ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకి కొద్దిపాటి పళ్లే వచ్చాయి, ఒంటి మీద వెంట్రుకలు చాలా తక్కువ. ఆ ఇంటి కూతుళ్లకి ఆ లోపం కనిపించలేదు, కానీ వాళ్ల కొడుకులకి వచ్చింది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే జన్యువు తీరు అది. కారణమైన ఈడీఏ జన్యువుని 1996లో గుర్తించారు. ఈ పిల్లలకి చెమట పట్టదు, మన ఎండల్లో అది ప్రాణం మీదకి వచ్చే విషయం. ఉమ్మి కూడా తక్కువే. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి మూలల్లో సూదిగా రెండు పళ్లే ఉన్నాయి. తల్లిని పరీక్షిస్తే ఆవిడకీ పై వరుసలో రెండు పళ్లు పుట్టుకతోనే లేవు. అంతవరకు ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇలాంటి ఇంట్లో జన్యు పరీక్ష ఎంతో ఉపయోగం, తర్వాతి కాన్పుకి పనికొస్తుంది. 2018లో జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు ఈ లోపం ఉన్న పిల్లలకి తల్లి కడుపులో ఉండగానే, ఉమ్మనీటిలోకి ఆ ప్రొటీన్‌ని ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఆ పిల్లలు చెమట పట్టే శరీరంతో పుట్టారు. గ్రంథులు ఏర్పడే ఆ కొద్ది వారాలే కీలకమని దీంతో తేటతెల్లమైంది.

మీ అమ్మగారికి 60 దాటేదాకా బాగానే ఉంది, పళ్లన్నీ వచ్చాయి. కాబట్టి ఈ జాతి లోపాలు కావు. వీటి గురించి చెప్పింది ఎందుకంటే, ఇలాంటి జన్యువు ఒక్కటే కారణమైతే అది సాధారణంగా చిన్నతనంలోనే బయటపడుతుంది. ముసలితనంలో మొదలైనదానికి చాలావరకు ఇంకేదో తోడుంటుంది.

కణాలకి ముసలితనం తెచ్చే జన్యువులు

కణం విభజన ఆపేసి, చావకుండా అలాగే కూర్చుని, చుట్టుపక్కల వాపు కలిగించే రసాయనాలు విడుదల చేసే స్థితి ఒకటుంది. పీ16 అనే జన్యువు చురుగ్గా మారడం దానికి ఒక గుర్తు. వయసుతో పాటు శరీరంలో చాలా చోట్ల ఇలాంటి కణాలు పోగుపడతాయి, లాలాజల గ్రంథి దానికి మినహాయింపు కాదు. క్లోథో అనే జన్యువు లేని ఎలుకల్ని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు వర్ణించారు. అవి కొద్ది వారాల్లోనే ముసలివైపోయి చనిపోతాయి. వాటి లాలాజల గ్రంథులు కూడా క్షీణిస్తాయి.

ఆసక్తికరమైనవే ఇవన్నీ, కానీ ఈ పరిశోధన చూపించి ఎవరైనా మీకు "యాంటీ ఏజింగ్" గుళికలు అమ్మజూపితే కొనకండి. ఎలుకలో ఒక జన్యువు మొత్తం తీసేయడం వేరు, మనిషిలో 70 ఏళ్లలో మెల్లగా వచ్చే మార్పు వేరు. ఆ గుళికలతో మనిషి నోట్లో ఉమ్మి పెరిగిందని నిరూపించినవాళ్లు లేరు.

ఉమ్మితో చేసే డీఎన్‌ఏ పరీక్ష

దీని గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఉమ్మిలో ఉండే డీఎన్‌ఏ గ్రంథి కణాలది కాదు. బుగ్గ లోపలి పొర నుంచి రాలిన కణాలది, తెల్ల రక్తకణాలది. 2011లో లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు 34 జతల ఒకే పోలిక కవలల ఉమ్మి తీసుకుని, వయసుతో పాటు డీఎన్‌ఏ మీద మారుతుండే మిథైల్ అనే రసాయన గుర్తుల్ని బట్టి మనిషి వయసుని సగటున అయిదేళ్ల తేడాలో చెప్పగలిగారు. అలా వాడుకున్న జన్యువుల్లో ఒకటి, పైన చెప్పిన ఈడీఏ దారిలోనిదే. అది చూసి కొందరు "మీ ఉమ్మి మీ గ్రంథి వయసు చెబుతుంది" అని అర్థం తీస్తున్నారు. చెప్పదు. ఆ లెక్క ఆ కణాల వయసుదే.

ఇంకొక పరీక్షలో ఎమైలేజ్ జన్యువు ప్రతులు ఎన్నున్నాయో చెబుతారు. అన్నంలోని పిండిపదార్థాన్ని నోట్లోనే విడగొట్టే ఎంజైమ్ అది. మనుషుల్లో దాని ప్రతులు రెండు నుంచి పదిహేను దాకా ఉంటాయని, పిండిపదార్థం ఎక్కువ తినే జనాల్లో సగటున ఎక్కువ ఉంటాయని 2007లో వెల్లడైంది. ప్రతులు ఎక్కువుంటే ఉమ్మిలో ఆ ఎంజైమ్ ఎక్కువ. అంతేగానీ ఉమ్మి ఎంత ఊరుతుందన్నదానికి దీన్ని కొలతగా వాడలేం. ఆ డబ్బు పెట్టి మీ అమ్మగారికి ఫ్లోరైడ్ పూత వేయించండి.

వంశంలో వచ్చేది చాలాసార్లు మందుల చీటీ

ఇది నా అనుభవంలో బలంగా నాటుకున్న విషయం. తల్లికీ కూతురికీ నోరు ఎండుతోందంటే, ఇద్దరి మందుల చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తాను. బీపీ, షుగర్, డిప్రెషన్, ఎలర్జీ వచ్చే తత్వం కుటుంబాల్లో నిజంగానే వస్తుంది, దానికి జన్యువుల పాత్ర గట్టిదే. వాటితో పాటు వాటి మాత్రలూ వస్తాయి. నోరు ఎండించేది ఆ మాత్ర.

చీటీలో నేను వెతికేవి ఇవి: బీపీ మాత్రలో కలిసి ఉండే, మూత్రం ఎక్కువ చేసే నీటి మాత్ర, ముఖ్యంగా హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్. కాళ్ల మంటలకో నిద్రకో రాత్రిపూట ఇచ్చే ఎమిట్రిప్టిలిన్. మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే సొలిఫెనాసిన్, ఆక్సీబ్యూటినిన్. జలుబు, దురదలకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, సెట్రిజిన్ వంటివి. పార్కిన్సన్స్‌కి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్. వీటిలో చాలా మటుకు ఆ ఎం3 గ్రాహకాన్నే మూస్తాయి. ఒక్కటైతే ఫరవాలేదు, మూడు కలిస్తే 65 దాటిన గ్రంథి తట్టుకోలేదు.

రిటైరైన ఒక టీచర్‌గారు వచ్చారు. ఆవిడ అమ్మకీ అక్కకీ కూడా నోరు ఎండేదట, ఇది తన రాత అని తీర్మానించుకున్నారు. ఆవిడ సంచిలో ఎమిట్రిప్టిలిన్ ఉంది, మూత్రం ఆపుకోవడానికి వాడే మాత్ర ఉంది, ఎలర్జీ మాత్ర ఏడాదిగా ఆపకుండా నడుస్తోంది. ఎలర్జీ మాత్ర రాసిన డాక్టర్ పది రోజులకే రాశారు, మందుల షాపులో అదే చీటీ మీద ఇస్తూ పోయారు. ఆవిడ ఫిజీషియన్‌తో మాట్లాడి దాన్ని ఆపించాం, మూత్రం మాత్రకి బదులు వేరే తరహా మందు ఇచ్చారు. కొన్ని వారాల్లో అన్నం నీళ్లు లేకుండా తినగలిగారు. అక్కగారు వాడేది కూడా అదే ఎమిట్రిప్టిలిన్ అని తర్వాత తెలిసింది.

ఒక్క హెచ్చరిక: ఇది చదివి ఏ మాత్రనీ మీ అంతట మీరు ఆపకండి. బీపీ మాత్ర ఆపితే వచ్చే నష్టం నోరు ఎండటం కంటే చాలా పెద్దది. మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని, రాసిన డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లి, "నోరు ఎండుతోంది, వీటిలో మార్చదగ్గది ఉందా" అని అడగండి. ఆ ప్రశ్న మన పెద్దవాళ్లు అడగరు, మొహమాటపడతారు.

షుగర్ అదుపు తప్పితే మూత్రం ఎక్కువై ఒంట్లో నీళ్లు తగ్గి నోరు ఎండుతుంది. కాబట్టి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ మధ్య చేయించకపోతే ముందు అది చేయించండి.

ఇంట్లో కొలిచే పద్ధతి

పొద్దున్న టిఫిన్ చేసి, పళ్లు తోముకున్నాక కనీసం గంటన్నర ఏమీ తినకుండా, తాగకుండా ఉండమనండి. తర్వాత నిటారుగా కూర్చోబెట్టి, తల కొద్దిగా వంచి, 15 నిమిషాల పాటు ఉమ్మి మింగకుండా సిరప్ సీసాతో వచ్చే కొలత మూతలోకి వదలమనండి. బలవంతంగా కాకరించకూడదు. 15 నిమిషాల్లో 1.5 మిల్లీలీటర్లు గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఉమ్మి నిజంగానే తగ్గినట్టు. మామూలు మనిషికి అంత సేపట్లో నాలుగైదు మిల్లీలీటర్లు వస్తుంది. నురగని లెక్కలోకి తీసుకోకండి.

దీంతో పాటు చూడాల్సినవి: నాలుక కింద తడి నిలిచి ఉందా, నాలుక మీద గీతలు పడి ఎర్రగా నున్నగా ఉందా, పెదవుల మూలలు చిట్లాయా, చిగురు అంచున పళ్లు నల్లబడి పుచ్చుతున్నాయా, కట్టుడు పళ్లుంటే పై సెట్ ఊడిపోతోందా. చిగురు అంచున కొత్తగా పుచ్చు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఉమ్మి లేని నోట్లో పన్ను నెలల్లోనే మొదలంటా పోతుంది.

చెల్లెలి కళ్ల విషయం

ఇప్పుడు నేను పైన ఆపిన మాట. కళ్లలో ఇసుక పడ్డట్టుండటం, దానితో పాటు నోరు ఎండటం ఉంటే మేము షోగ్రెన్స్ వ్యాధిని తలుచుకుంటాం. 1933లో స్వీడన్ కంటి డాక్టర్ హెన్రిక్ షోగ్రెన్ వివరంగా వర్ణించిన వ్యాధి ఇది. మన రోగనిరోధక వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద దాడి చేస్తుంది. పదిమంది రోగుల్లో సుమారు తొమ్మిదిమంది ఆడవాళ్లే.

జన్యువుల మాట నిజంగా తూకం వేయాల్సింది ఇక్కడ. రోగనిరోధక కణాలు ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అని గుర్తుపట్టడానికి వాడే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో కొన్ని రకాలు, ముఖ్యంగా డీఆర్3, ఈ వ్యాధి ఉన్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తాయి. వాపు సంకేతాలు నడిపే ఐఆర్‌ఎఫ్5, స్టాట్4 జన్యువుల తేడాలూ ముప్పు పెంచుతాయి. ఆడవాళ్లకే ఎక్కువ రావడానికి హార్మోన్లు మాత్రమే కాదు, ఎక్స్ క్రోమోజోమ్ లెక్క కూడా కారణమే. మూడు ఎక్స్ క్రోమోజోములతో పుట్టిన ఆడవాళ్లలో ఈ వ్యాధి రెండు ఎక్స్‌లున్నవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. మామూలుగా ఆడవాళ్ల కణాల్లో రెండో ఎక్స్ పని ఆపి నిద్రపోవాలి, అది పూర్తిగా నిద్రపోకపోవడం వల్ల, దాని మీదున్న టీఎల్ఆర్7 వంటి రోగనిరోధక జన్యువులు రెట్టింపు పని చేసే వీలుంటుంది. ఈ రోగుల గ్రంథుల్లోని మూల కణాలు వాళ్ల అసలు వయసు కంటే ముసలివైనట్టు కనిపించడం కూడా గమనించారు. అంటే వయసు తెచ్చే మార్పుని ఈ వ్యాధి ముందే తెచ్చిపెడుతుందన్నమాట.

అయినా ఇది తల్లి నుంచి బిడ్డకి నేరుగా దిగే జబ్బు కాదు. ఈ జన్యువులున్నవాళ్లలో అత్యధికులకి జీవితాంతం ఏమీ రాదు. కుటుంబంలో వచ్చేది ఆ ధోరణి. ఒకరికి థైరాయిడ్, ఇంకొకరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్, మరొకరికి షోగ్రెన్స్‌గా బయటపడొచ్చు. మీ ఇంట్లో ఆడవాళ్లలో థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఆ ఒక్క సమాచారం ఏ డీఎన్‌ఏ నివేదిక కంటే మాకు ఎక్కువ పనికొస్తుంది.

కళ్లు గరగరలాడటానికి మామూలు కారణాలూ ఉన్నాయి. రోజంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు. కాబట్టి భయపడక్కర్లేదు, కానీ మూడు నెలలు దాటితే కంటి డాక్టర్ దగ్గర షిర్మర్ పరీక్ష చేయించాలి. కింది రెప్పలో చిన్న కాగితం పట్టీ పెట్టి అయిదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. రక్తంలో ఏఎన్‌ఏ, యాంటీ ఎస్‌ఎస్‌ఏ అనే, సొంత కణాల మీదే గురిపెట్టే యాంటీబాడీలు ఉన్నాయేమో చూడాలి. అనుమానం మిగిలితే కింది పెదవి లోపలి నుంచి నాలుగైదు చిన్న గ్రంథులు తీసి బయాప్సీకి పంపుతాం. చిన్న మత్తుతో పావుగంటలో అయిపోయే పని. నా దగ్గర చాలామంది భయంతో వచ్చి "ఇంతేనా" అని వెళ్లారు.

పైలోకార్పిన్, ఇంకా చేయదగ్గవి

గ్రంథిలో కొన్ని కణాలైనా మిగిలి ఉంటే ఎం3 గ్రాహకాన్ని తట్టి లేపే పైలోకార్పిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర పని చేస్తుంది. చెమట బాగా పట్టిస్తుంది, మన వేసవిలో అది చిరాకు. ఆస్తమా, కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. డాక్టర్ చూడకుండా వాడేది కాదు.

రోజువారీ జాగ్రత్తలు పెద్ద కష్టం కాదు. నీళ్లు గటగటా తాగడం కంటే తరచూ గుక్క గుక్కగా తాగడం మేలు. చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్ నమిలితే పరోటిడ్ కదులుతుంది. యాలకులు నమిలినా ఫరవాలేదు. ఉసిరికాయ, నిమ్మచెక్క బుగ్గన పెట్టుకునే అలవాటు మాత్రం వద్దు. ఉమ్మి ఊరుతుంది నిజమే, కానీ ఆ పులుపుని కడిగేసేంత ఉమ్మి ఆ నోట్లో ఉండదు, పన్ను ఎనామిల్ కరిగిపోతుంది. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోమి, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా పడుకోమనండి. నాలుగు నెలలకోసారి డెంటల్ డాక్టర్‌కి చూపించాలి.

జన్యు చికిత్స సంగతి కూడా అడుగుతారని తెలుసు. క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుని నోరు పూర్తిగా ఎండిపోయినవాళ్లకి, ఏక్వాపోరిన్-1 జన్యువుని వైరస్ ద్వారా పరోటిడ్ గొట్టంలోకి ఎక్కించిన ప్రయోగ ఫలితాలు అమెరికాలో 2012లో వచ్చాయి. పదకొండు మందిలో ఆరుగురికి ఉమ్మి పెరిగింది. రేడియేషన్‌కి ఉమ్మి చేసే కణాలు పోయినా గొట్టాల కణాలు మిగులుతాయి, వాటికి నీళ్లు దాటించే ద్వారం ఇవ్వాలన్నది ఆలోచన. నాకు ఎంతో ఆశ కలిగించే దారి ఇది. మీ అమ్మగారి విషయంలో దీని అవసరం రాదు.

మీరు చేయాల్సింది, వరుసగా: ఈ వారం అమ్మగారి మాత్రలన్నీ ఆవిడ డాక్టర్‌కి చూపించండి, హెచ్‌బీఏ1సీ చేయించండి, ఉమ్మి కొలవండి. కొలిచిన అంకె, మాత్రల పేర్లు ఇక్కడ రాస్తే నేను చూసి చెబుతాను. మీకు ఇబ్బంది లేదు కాబట్టి మీకు ఏ పరీక్షా వద్దు. చెవి కింద ఒకవైపు గట్టిగా వాపు వచ్చి తగ్గకపోతే మాత్రం, అది అమ్మగారికైనా మీకైనా, ఆగకుండా చూపించండి. షోగ్రెన్స్ ఉన్నవాళ్లలో సుమారు 5 శాతం మందికి లింఫోమా అనే, రోగనిరోధక కణాల క్యాన్సర్ వస్తుంది, దాని మొదటి గుర్తు అలాంటి వాపే కావచ్చు.

చెల్లెలికి పెళ్లయి, పిల్లల కోసం చూస్తున్నట్టయితే యాంటీ ఎస్‌ఎస్‌ఏ పరీక్షని వాయిదా వేయకండి. ఆ యాంటీబాడీ ఉన్న తల్లి నుంచి అది మాయ గుండా బిడ్డకి చేరి, నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో గుండె కొట్టుకునే లయని దెబ్బతీస్తుంది. ముందే తెలిస్తే రుమటాలజిస్ట్, గైనకాలజిస్ట్ కలిసి చూసుకుంటారు. రోగనిరోధక దాడిని తగ్గించే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మొదలుపెట్టాలా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు, అయిదో నెల నుంచీ బిడ్డ గుండెని స్కాన్‌లో గమనిస్తూ ఉంటారు.